తీగ మీటి చూడనివ్వాలి

పల్లెటూరి బేరాలలో పరీక్ష లేని కొనుగోలు ఉండదు. కుండ కొనే ఇల్లాలు దానిని వేలి కణుపుతో కొట్టి, మోగిన తీరును బట్టి పగులు ఉన్నదో లేదో పసిగడుతుంది. సంతలో ఎద్దును కొనే రైతు దాని నోరు తెరిచి పళ్ళు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, వీలైతే మెడమీద కాడి పెట్టి కూడా చూస్తాడు. మామిడిపండ్లు కొనేవారు తొడిమ దగ్గర వాసన చూడనిదే బుట్ట ఎత్తరు. అమ్మేవాడు ఇందుకు నొచ్చుకోడు. 'చూసుకోండి, తరువాత నన్ననకండి' అని తానే ముందుకు తోస్తాడు. ఇంతటి జాగ్రత్త తెలిసిన ఇళ్ళవారే పిల్లల కోసం ఒక వాద్యం కొనవలసి వచ్చేసరికి ఆ తెలివిని గుమ్మం బయటే వదిలి దుకాణంలోకి వెళుతున్నారు. రంగు చూస్తారు, ధర చీటీ చూస్తారు, డబ్బు చెల్లిస్తారు. పిల్లవాడు తీగమీద వేలు పెట్టబోతే 'ముట్టుకోకు' అని చేయి వెనక్కు లాగేది కూడా చాలాసార్లు వారే.

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు ప్రాంతంలోని ఎ.కొండూరు వంటి ఊళ్ళ విద్యార్థులకు ఈ చిక్కు మరింత పెద్దది. 2022 వరకు కృష్ణా జిల్లాలో భాగంగా ఉండిన ఈ మండలం మామిడితోటలకు, లంబాడీ తండాలకు నెలవు. పాట ఇక్కడివారికి కొత్త కాదు. తండాలలో తీజ్ పండుగకు కన్నెపిల్లలు పాడతారు. గుడిలో భజన తాళాలు మోగుతాయి. పెళ్ళి ఊరేగింపులో డప్పు, సన్నాయి లేకుండా అడుగు ముందుకు పడదు. అయితే ఎలక్ట్రిక్ గిటారు సంగతి వేరు. దానిని చేతితో ముట్టి చూడదలచిన కుర్రవాడు అడ్డరోడ్డు దగ్గర బస్సెక్కి, మైలవరం, ఇబ్రహీంపట్నం దాటి విజయవాడ చేరవలసి ఉంటుంది. జేబులో ఉన్న సొమ్ము పదివేల రూపాయలకు అటూ ఇటూగా ఉంటుంది. అది తండ్రి మామిడికాయల బేరంలో మిగిల్చినది కావచ్చు, తల్లి పొదుపు సంఘంలో తీసుకున్నది కావచ్చు. దుకాణంలో అడుగుపెట్టగానే అతనిని పలకరించేది తరచుగా ఒకే ప్రశ్న: "ఏం బాబూ, కొనేదేనా, ఊరికే చూడడానికా?"

ఆ ప్రశ్నలో పెద్ద తప్పు లేదని అనిపించవచ్చు. కాని దానిని విన్న పల్లెటూరి విద్యార్థి సగం కుంచించుకుపోతాడు. గోడకు వేలాడుతున్న గిటారును దించమని అడగడానికి నోరు రాదు. దించినా, దానిని ఆంప్లిఫయరుకు తగిలించి చూపమని అడగడం మహాపరాధమనుకుంటాడు. తనకు వాయించడం రాదు కనుక వాయించి చూసే హక్కు కూడా తనకు లేదని అతని నమ్మకం. పట్నపు పిల్లలు ఇద్దరు ముగ్గురు అక్కడే నిలబడి వేగంగా స్వరాలు దొర్లిస్తూ ఉంటే ఆ నమ్మకం ఇంకా గట్టిపడుతుంది. చివరకు ఎర్రగా మెరిసే ఒకదానిని వేలితో చూపి, డబ్బు కట్టి, సంచిలో పెట్టించుకొని సాయంత్రం బస్సుకు తిరిగివస్తాడు.

'ఆడలేక మద్దెల ఓడు' అని తెలుగువారి సామెత. చేతకానివాడు తన లోపాన్ని వాద్యంపైకి నెట్టివేస్తాడని దాని భావం. కొత్తగా వాద్యం పట్టినవారి విషయంలో ఈ సామెత తలకిందులవుతుంది. అక్కడ మద్దెల నిజంగానే ఓడుగా ఉంటుంది, పిల్లవాడు మాత్రం తనకే ఆట రాదనుకుంటాడు. తీగలు మెడకు మరీ ఎత్తుగా ఉండి వేళ్ళు కోసుకుపోతుంటే 'నా వేళ్ళలో బలం లేదు' అనుకుంటాడు. శ్రుతి చేసిన పది నిమిషాలకే శ్రుతి జారిపోతుంటే 'నా చెవికి సంగీతం లేదు' అనుకుంటాడు. మూడు నెలలు గడిచేసరికి గిటారు బీరువా పైకెక్కుతుంది. ఇంట్లోవారు 'చెప్పామా?' అంటారు. పోయినది పదివేల రూపాయలే అయితే అంత బాధ లేదు. తనలో సంగీతం లేదన్న తీర్పును పదహారేళ్ళ వయసులో, అదీ ఒక చెడ్డ చెక్కముక్క సాక్ష్యంపై, ఆ విద్యార్థి తనకు తానే ఇచ్చుకుంటున్నాడు. ఆ తీర్పుపై తిరిగి విచారణ జరగడం అరుదు.

ఈ ప్రమాదం తక్కువ ధర వాద్యాలన్నింటిలోనూ ఉన్నా, ఎలక్ట్రిక్ గిటారులో కొంత ఎక్కువ. దాని నిర్మాణం అటువంటిది. వీణకు పనసకర్రతో తొలిచిన కుండ ఉంటుంది, మామూలు గిటారుకు డొల్లగా ఉన్న పెట్టె ఉంటుంది. తీగ కదలికను ఆ డొల్ల పెద్దది చేసి వినిపిస్తుంది. ఎలక్ట్రిక్ గిటారులో చాలావాటికి డొల్లే ఉండదు, అది గట్టి చెక్కపలక. తీగల కింద పికప్ అనే చిన్న పరికరం ఉంటుంది. అందులో అయస్కాంతాలు, వాటిచుట్టూ వెంట్రుకకన్న సన్నని రాగితీగ కొన్ని వేల చుట్లు ఉంటాయి. ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంత అభివాహం మారుతుంది, రాగిచుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ ఇదే. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో దీనిని చదివి మార్కులు తెచ్చుకున్న విద్యార్థికి, అదే సూత్రం తన ఒడిలో మోగుతున్నదన్న సంగతి ఎవరూ చెప్పరు. నైలాను తీగ వేస్తే ఈ వాద్యం మూగదెందుకవుతుందో అతడే చెప్పగలడు, అడిగేవారుంటే.

ధ్వని ఇన్ని చేతులు మారి రావడం వల్ల లోపం ఎక్కడైనా దాగి ఉండవచ్చు. చెక్క బాగుండి పికప్ చెడ్డదై ఉండవచ్చు. రెండూ బాగుండి లోపలి టంకం ఊడిపోయి ఉండవచ్చు. ధ్వని పెంచే మీట తిప్పినప్పుడల్లా గరగరమనవచ్చు. తీగలను తాకినప్పుడు తగ్గిపోయి, చేయి తీయగానే పెరిగే రొద ఒకటి ఉంటుంది. ఇళ్ళలోని విద్యుత్ ప్రవాహం సెకనుకు 50 ఆవర్తాలతో నడవడం వల్ల పుట్టే హోరు అది. ఒకే చుట్ట ఉన్న పికప్‌లలో అది కొంత ఉండడం సహజం. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో కలిపి, ఒకదాని హోరును మరొకటి చంపుకొనేటట్లు చేశారు. సహజమైన హోరుకు, తెగిన తీగ వల్ల వచ్చే హోరుకు భేదం కంటికి కనిపించదు. గిటారును తగిలించి వింటేనే తెలుస్తుంది.

మెట్ల విషయం ఇంకా సూక్ష్మమైనది. ఎ.కొండూరుకు పొరుగు ప్రాంతమైన నూజివీడు వీణల తయారీకి పేరుపొందినది. వీణకు 24 మెట్లను మైనంలో నిలుపుతారు. ఏ మెట్టయినా అపస్వరం పలికితే మైనాన్ని కరిగించి, చెవితో విని, దానిని తిరిగి సరిచేయవచ్చు. మేళం కట్టడమంటే అదే. గిటారు మెట్లు అలా కావు. వాటిని కర్ఖానాలో మెడచెక్కలోకి దిగ్గొడతారు. ప్రతి మెట్టుకు ధ్వని పౌనఃపున్యం సుమారు 1.059 రెట్లు పెరిగేటట్లు లెక్కగట్టిన దూరాలవి. పన్నెండు మెట్లు ఎక్కేసరికి సరిగ్గా రెట్టింపు కావాలి. సెకనుకు 110 కంపనాలు చేసే అయిదవ తీగ పన్నెండవ మెట్టు దగ్గర 220 పలకాలి. 223 పలికితే గిటారు తప్పు. తీగ పొడవును బ్రిడ్జి దగ్గరి మరలతో కొద్దిగా సరిచేయవచ్చు. కాని మెట్లే వంకరగా దిగితే, లేదా మెడే మెలితిరిగితే, పదివేల గిటారుకు ఆ మరమ్మతు గిట్టుబాటు కాదు. ఈ ఒక్క సంగతి దుకాణంలో తెలుసుకోవడానికి రెండు నిమిషాలు చాలు, శ్రుతి చూపే ఉచిత సాధనాలు చేతిలోని ఫోనులోనే ఉన్నాయి. ఇంటికి వచ్చిన తరువాత తెలుసుకోవడానికి కొందరికి రెండేళ్ళు పడుతున్నది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. లోపాల గురించి ఇంతగా చెబితే, చవక గిటారు కొననే కూడదన్న మాట వినిపించవచ్చు. అది సరికాదు. ఎలక్ట్రిక్ గిటారు చరిత్రలో చవకతనం సిగ్గుపడవలసిన విషయం కానేకాదు. 1930ల తొలి సంవత్సరాలలో అమెరికాలో జార్జ్ బోషాంప్, అడాల్ఫ్ రికెన్‌బాకర్ తయారుచేసిన తొలి నమూనా ఎంత మొరటుగా ఉన్నదంటే దానికి 'వేపుడు పెనం' అనే పేరు నిలిచిపోయింది. లియో ఫెండర్ కాలిఫోర్నియాలో రేడియోలు బాగుచేసుకొనేవారు. 1950లో ఆయన మార్కెట్లోకి తెచ్చిన గిటారుకు మెడను జిగురుతో అతికించలేదు, మరలతో బిగించారు. చెడిపోతే విప్పి మార్చుకోవచ్చు, తయారీ ఖర్చూ తగ్గుతుంది. విశేషమేమంటే ఫెండర్‌కు గిటారు వాయించడం రాదు. అందుచేత ఆయన తన నమూనాలను ఊళ్ళోని వాద్యకారుల చేతికిచ్చి, వాయించి లోపాలు చెప్పమనేవారు. తయారుచేసినవారే పరుల చేతులను, చెవులను నమ్ముకున్నారు. కొనేవాడు మాత్రం పరీక్షించకూడదనడంలో న్యాయమేమున్నది?

అదే దేశంలో నేథన్ డేనియల్ అనే ఆయన డేనెలెక్ట్రో పేరుతో ఇంకా చవక గిటార్లు చేశారు. గట్టి అట్టవంటి చెక్కపలకలు వాడారు. పికప్‌కు తొడుగుగా లిప్‌స్టిక్ గొట్టాలను ఉపయోగించారు. సియర్స్ అనే పెద్ద వ్యాపారసంస్థ వాటిని సామాన్య కుటుంబాలకు అమ్మింది. తరువాతి కాలంలో ప్రపంచప్రసిద్ధుడైన జిమ్మీ పేజ్ వంటి కళాకారుడు అటువంటి గిటారును వేదికపైకి తీసుకువెళ్ళారు. ఇంగ్లండులో బ్రయన్ మే కథ మరొక రకం. మంచి గిటారు కొనే స్తోమత లేక, 1963లో ఆ కుర్రవాడు తండ్రితో కలిసి ఇంట్లోనే ఒకటి తయారుచేయడం మొదలుపెట్టాడు. మెడకు పాత చలిమంట గూటి చెక్క, మెట్ల గుర్తులకు తల్లి కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు, స్ప్రింగులకు పాత మోటారు సైకిలు భాగాలు. ఆ గిటారుతోనే క్వీన్ బృందం పాటలు లోకమంతా మోగాయి. ఆయన 2007లో ఖగోళ భౌతికశాస్త్రంలో డాక్టరేటు కూడా పొందారు. గిటారు పడితే చదువు చెడుతుందని భయపడే తల్లిదండ్రులు ఈ చివరి సంగతి గుర్తుంచుకోవచ్చు. అయితే అందరి పిల్లలూ బ్రయన్ మే కారన్నది కూడా నిజమే.

ఈనాడు యంత్రాలు చెక్కను కంప్యూటరు లెక్క ప్రకారం కోస్తున్నందువల్ల తక్కువ ధర గిటార్ల నాణ్యత మునుపటికన్న బాగుపడింది. ఫెండర్ సంస్థే 1982 నుండి స్క్వయర్ పేరుతో చవక రకాలను అమ్ముతున్నది. కాని చవక సరుకులో మంచిదానికి, చెడ్డదానికి మధ్య దూరం ఎక్కువ. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే ధర ఉన్న రెండు గిటార్లలో ఒకటి చేతికి ఒదిగిపోతుంది, రెండవది ఎదురుతిరుగుతుంది. ఖరీదైన వాద్యాన్ని తయారుచేసినవారే పరీక్షించి పంపుతారు. చవకదానిని పరీక్షించే పని కొనేవానికి మిగులుతుంది. ధర తగ్గింపులో అతడు చెల్లించే వాటా అదే. తక్కువ సొమ్ము ఉన్నవాడికే వాయించి చూడవలసిన అవసరం ఎక్కువ. లోకంలో మాత్రం ఖరీదైనది కొనేవానికి కుర్చీ వేసి మరీ వాయించి చూపుతున్నారు.

గిటారు మనది కాదు, అందులోనూ కరెంటు గిటారు అసలే కాదు, దానికింత చర్చ ఎందుకనే పెద్దలు ఉన్నారు. వారి మాట కొట్టివేయదగినది కాకపోయినా చరిత్ర వారి పక్షాన నిలబడదు. వయొలిన్ పడమటి వాద్యమే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దానిని నేర్చి కర్ణాటక సంగీతానికి తెచ్చారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల ఏర్పడినప్పుడు, ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరడానికి వెళ్ళి వయొలిన్ ఆచార్యులై కూర్చున్నారు. నేడు వయొలిన్ లేని కచేరీని ఊహించడం కష్టం. హార్మోనియానికి 1940లో ఆకాశవాణి తలుపులు మూసింది. మూడు దశాబ్దాలు గడిచాకగాని ఆ నిషేధం సడలలేదు. ఆ కాలంలోనే తెలుగు పల్లెల్లో పౌరాణిక నాటకాలు ఆడుతూ ఉంటే, పద్యం ఎత్తుకోగానే హార్మోనియం వైపే చెవులన్నీ తిరిగేవి. ఢిల్లీ నిషేధం కృష్ణా జిల్లా రచ్చబండ దాకా రాలేదు.

ఇక విద్యుత్తు విషయానికి వస్తే, తెలుగునేలపై ఇంతకన్న దగ్గర ఉదాహరణ లేదు. ఉప్పలపు శ్రీనివాస్ 1969 ఫిబ్రవరి 28న పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించారు. తండ్రి సత్యనారాయణ క్లారినెట్, మాండలిన్ వాయించేవారు. ఆరేళ్ళ వయసులో శ్రీనివాస్ తండ్రి మాండలిన్‌ను చేతిలోకి తీసుకున్నారు. ఇక్కడ ఆగి గమనించవలసినది ఒకటున్నది. ఆ ఇంట వాద్యం అందేచోట ఉన్నది, దానిని తీసిన పిల్లవానిని ఎవరూ వెళ్ళగొట్టలేదు. కుమారుని ప్రతిభ తెలిసిన తండ్రి కొత్త మాండలిన్ కొనిచ్చి, తన గురువు రుద్రరాజు సుబ్బరాజుకే అతనిని అప్పగించారు. చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులైన సుబ్బరాజుకు మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, ఆ పిల్లవాడు పాటను విని తీగలపైకి తెచ్చుకొనేవాడు. కర్ణాటక సంగీతంలో మాండలిన్‌కు అప్పటికి బాట లేదు. ఆ బాటను గురువు గొంతు, శిష్యుని వేళ్ళు కలిసి వేశాయి.

అయితే వాద్యం ఊరకనే లొంగలేదు. మామూలు మాండలిన్‌లో నాలుగు జతల తీగలు. మీటిన స్వరం మెరుపులా మెరిసి మాయమవుతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం పలకాలంటే స్వరం నిలవాలి, ఊగాలి, జారాలి. జంట తీగలను కలిపి లాగడం కష్టం, లాగినా నాదం అంతసేపు ఉండదు. శ్రీనివాస్ జతలు తీసివేసి అయిదు ఒంటి తీగలున్న ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎంచుకున్నారు. ఎలక్ట్రిక్ గిటారులో ఉన్న పికప్ వంటిదే నాదాన్ని నిలిపే పని అక్కడ చేసింది. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆయన తొలి కచేరీ జరిగింది. అప్పటి కృష్ణా జిల్లా శ్రోతలే ఆ వాద్యాన్ని మొదట విని తలలూపారు. 1981లో మద్రాసు, 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం, 1998లో పద్మశ్రీ. గిటారు వాదకులలో అగ్రశ్రేణివారైన జాన్ మెక్లాఫ్లిన్‌తో కలిసి ఆయన అనేక దేశాల్లో వాయించారు. 2014 సెప్టెంబరు 19న, 45వ ఏట చెన్నైలో మరణించారు. ఆయన చేతిలో ఏ రాగమూ పరాయిది కాలేదు. కరెంటుతో పలికే వాద్యం తెలుగువారిది కాదనేవారు పాలకొల్లు వైపు ఒకసారి చూడాలి.

దీనిని బట్టి ప్రతి విద్యార్థీ ఒక శ్రీనివాస్ అవుతాడని వాదించడం తెలివితక్కువ. వాద్యం తన గమకానికి సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి అంతటి ప్రతిభావంతుడు కూడా దానిని చేతితోనే పరీక్షించవలసి వచ్చింది, వాద్యాన్నే మార్చుకోవలసి వచ్చింది. మామూలు విద్యార్థికి ఆ అవకాశం పావుగంటసేపైనా ఇవ్వకపోవడమే అన్యాయం.

దుకాణదారుల పక్షం కూడా వినవలసిందే. రోజుకు ఇరవైమంది వచ్చి తీగలు లాగితే అవి చెమటకు తుప్పుపడతాయి. బొత్తాముల గీతలు, ఉంగరాల గీతలు పడిన గిటారును ఎవరూ పూర్తి ధరకు కొనరు. చూసినవారిలో సగంమంది ఇంటికి వెళ్ళి ఇంటర్నెట్‌లో రెండువందలు తక్కువకు తెప్పించుకుంటారు. అద్దె, జీతాలు కట్టేవానికి ఇది చిన్న బాధ కాదు. అందుకు పరిష్కారం గిటార్లను గాజు వెనుక దాచడం మాత్రం కాదు. ప్రతి రకంలో ఒకదానిని పరీక్షకోసం బయట ఉంచవచ్చు. బట్టల దుకాణం మడతలు విప్పి చూపిన చీరలను మళ్ళీ మడిచిపెట్టుకుంటున్నది. అది వ్యాపారపు ఖర్చులోనిదే. కొనేముందు, కొనబోయే గిటారునే ఒకసారి తగిలించి వినిపించడానికి ఒప్పుకోవాలి. అలా వినిపించే దుకాణానికి రెండువందలు ఎక్కువ ఇచ్చి అక్కడే కొనడం విద్యార్థి పాటించవలసిన మర్యాద. పరీక్ష ఒకచోట, కొనుగోలు మరొకచోట అనేది నీతిగా లేదు.

ఇంటికే తెప్పించుకొనే పద్ధతి దూరపు ఊళ్ళకు మేలు చేసిన మాట నిజం. నచ్చకపోతే తిరిగి పంపవచ్చునని కూడా చెబుతారు. కాని నచ్చకపోవడానికి కారణం తెలియాలి గదా. మంచి గిటారును ఒక్కసారైనా పట్టుకోని చేతికి చెడ్డ గిటారు చెడ్డదని తెలియదు. పైగా చెక్క వాతావరణానికి స్పందిస్తుంది. మెడ లోపల ఒక ఇనుపకడ్డీ ఉంటుంది, దానిని తిప్పి మెడ వంపును సరిచేస్తారు. ఎక్కడో తయారై, గోదాముల్లో మగ్గి, వేసవిలో లారీ ప్రయాణం చేసి వచ్చిన గిటారుకు ఆ సవరణ దాదాపు తప్పనిసరి. దుకాణంలో అడిగితే అరగంటలో చేసి ఇస్తారు, అట్టపెట్టె ఆ పని చేయదు.

దుకాణానికి వెళ్ళే విద్యార్థి పాటలు వాయించి చూపనక్కరలేదు. అది అక్కడి పిల్లల ఆర్భాటం. గిటారును ముందు ఆంప్లిఫయరు లేకుండానే చెవి దగ్గర పెట్టుకొని ఒక్కొక్క తీగను, ఒక్కొక్క మెట్టుపై నొక్కి, నిదానంగా మీటాలి. ఎక్కడ తీగ చిటచిటలాడుతున్నదో, ఎక్కడ నాదం చచ్చిపోతున్నదో అంతటితోనే తెలిసిపోతుంది. మెడను కన్ను దగ్గర పెట్టుకొని, వడ్రంగి చెక్క వంపు చూసినట్లు, పొడవునా చూడాలి. మెట్ల కొనలు అరచేతికి గుచ్చుకుంటున్నాయేమో తడిమి చూడాలి. తరువాత ఆంప్లిఫయరుకు తగిలించాలి. ఇక్కడ దుకాణాలవారు తెలిసో తెలియకో చేసే పని ఒకటున్నది. అయిదువేల గిటారును ఏభైవేల ఆంప్లిఫయరుకు తగిలించి వినిపిస్తారు. ఆ నాదం ఇంటికి రాదు. తాను కొనబోయే చిన్న ఆంప్లిఫయరుకే తగిలించమని అడగాలి, మొదట ఏ హంగులూ లేని శుద్ధమైన ధ్వనిని వినిపించమనాలి. కేబులు, తీగలు, సంచి ఖర్చు కూడా సొమ్ములో ముందే పక్కన పెట్టుకోవాలి. తెలిసినవారు ఒకరు వెంట ఉంటే మరీ మంచిది. ఊరి చర్చిలో గిటారు వాయించే అన్నయ్య అయినా సరే, బ్యాండుమేళంలో కీబోర్డు వాయించే బాబాయి అయినా సరే. కొనకుండా తిరిగి వచ్చినా ఆ రోజు వృథా కాదు.

అమ్మాయిల విషయం వేరుగా చెప్పవలసి రావడం విచారకరం. దుకాణంలో అబ్బాయికి 'కొనేదేనా' అన్న ప్రశ్న ఎదురైతే, అమ్మాయికి 'తమ్ముడికోసమా' అన్న ప్రశ్న ఎదురవుతుంది. వీణ వాయించే ఆడపిల్లను మెచ్చుకొనే సంఘానికి గిటారు పట్టిన ఆడపిల్లను చూసి కనుబొమలు ముడివేయడానికి కారణం దొరకదు. రెండూ మీటే తీగలే.

ఇంతకూ విజయవాడ దాకా వెళ్ళలేనివారి మాటేమిటి? కెనడా దేశపు టొరంటో నగర ప్రజా గ్రంథాలయం 2016 నుండి పుస్తకాల మాదిరిగానే సంగీతవాద్యాలను కూడా ఇంటికి ఇస్తున్నది. గిటారు తీసుకువెళ్ళినవారు గడువులోగా తెచ్చి ఇస్తారు, మరొకరు తీసుకువెళతారు. ఆ పద్ధతి తిరువూరు ప్రాంతానికి కొత్తగా తోచవచ్చు కాని, జూనియర్ కళాశాల భౌతికశాస్త్ర ప్రయోగశాలలో దాని బంధువు ఇదివరకే ఉన్నది. చెక్కపెట్టెపై తీగను బిగించి, బరువులు వేలాడదీసి, శ్రుతిదండంతో పోల్చి చూసే సోనామీటరు గిటారుకు మూలరూపమే. ఆ బల్లమీద ఒక చవక ఎలక్ట్రిక్ గిటారు, చిన్న ఆంప్లిఫయరు చేరితే రెండు పాఠాలకు పనికివస్తాయి. తరంగాల పాఠానికి తీగ, విద్యుదయస్కాంత ప్రేరణకు పికప్. సాయంత్రం నాలుగు తరువాత మూడవ పాఠం పిల్లలే నేర్చుకుంటారు. ఆ మొత్తం ఖర్చు కళాశాల వార్షికోత్సవం నాడు షామియానాకు, మైకుసెట్టుకు అయ్యే ఖర్చుకన్న పెద్దగా మించదు.

చిక్కు ఖర్చుతో రాదు, బీరువాతో వస్తుంది. ఖరీదైన వస్తువని దానిని బీరువాలో పెట్టి తాళం వేస్తే దుకాణపు గాజు తలుపు కళాశాలలోకి నడిచివచ్చినట్లే. తీగ తెగితే కొత్తది ఎవరు వేయాలో, సెలవుల్లో గిటారు ఎవరింట ఉండాలో మొదటి నెలలోనే రాసిపెట్టుకోవాలి. తీగలు తెగుతాయి, ఆరు తీగల సెట్టు రెండుమూడు పూటల టిఫిను ఖర్చుకు మించని రకాలూ దొరుకుతాయి. ప్రయోగశాల సహాయకుని దగ్గర ఒక చిట్టా పుస్తకం ఉంటే చాలు. పేరు, సెక్షను, తీసుకున్న గంట, ఇచ్చిన గంట. అందులో విద్యార్థి సంతకం ఒక్కటే ఉండాలి, ప్రిన్సిపాలుగారి సంతకం కోసం వేరే గడి గీయకూడదు.